సాఫ్ట్‌వేర్ ఉచితమే, బోరు లెక్కలే దొరకవు

సంపాదకుడు గారికి,

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ రెండో బోరు కూడా ఈ వేసవిలో ఎండిపోయింది. మూడోది ఎక్కడ వేయాలో చూపించడానికి ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పార్కింగ్ అంతా తిరిగాడు. సంప్ పక్కన కాయ నిక్కబొడుచుకుంది. ఆయన్ని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని నేను వెలగబెట్టిందీ అంతకంటే గొప్పగా లేదు.

అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ 1984లో మొదటిసారి తెచ్చిన మోడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ ఉంది. నేలను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోకి ఎంత నీరు వస్తోంది, ఎంత పోతోంది అని లెక్కకట్టి నీటిమట్టం చెబుతుంది. పైసా ఖర్చు లేదు. జిప్ ఫైల్ విప్పితే చాలు, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో వచ్చి రెప్పపాటులో మాయమైంది. ఒక పూటంతా తల పట్టుకున్నాక అర్థమైంది: మోడల్ ఫైళ్లున్న ఫోల్డర్‌లోకి కమాండ్ ప్రాంప్ట్‌లో వెళ్లి, అక్కడి నుంచి నడపాలట. అలా చేస్తే దాంతోపాటు వచ్చిన ఉదాహరణలు మా అబ్బాయి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లోనే చకచకా నడిచాయి. గళ్లు గీసుకోవడానికి మోడల్‌మ్యూజ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

అసలు చిక్కు మా కాలనీని గీయబోయినప్పుడు వచ్చింది. మట్టి పొర ఎంత మందం, రాతిలో నీరు రోజుకు ఎన్ని మీటర్లు కదులుతుంది, వానలో ఎంత ఇంకుతుంది, ఎవరు ఎంత తోడుతున్నారు అని అడుగుతుంది. నా దగ్గరున్నది రిగ్గువాడు బిల్లు వెనక రాసిచ్చిన రెండు ముక్కలు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లని బోరు లోతు అడిగితే, పన్ను వేయడానికి కాబోలనుకుని నోరు విప్పలేదు!

ఊహించి అంకెలు వేస్తే సాఫ్ట్‌వేర్ కాదనదు, రంగురంగుల పటం గీసి ఇస్తుంది. అదే ప్రమాదం. మన కొండలు ఖొండలైట్ రాయి. పైన శిథిలమైన పొరలో నీరుంటుంది, కింద పగుళ్లలోనే. ముప్పై అడుగుల దూరంలో ఒక బోరులో జల పడుతుంది, ఇంకోదాంట్లో దుమ్ము లేస్తుంది. ఇలాంటి చోట నాలుగు బావుల సగటుతో పని జరగదు. తీరం వెంబడి ఇంకో భయం. సముద్రమట్టానికి పైనున్న మంచినీరు ఒక మీటరు తగ్గితే, అడుగునున్న ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకొస్తుందని పాత సూత్రం. లాసన్స్ బే వైపు తోడే ప్రతి మోటారుకూ ఈ లెక్క కావాలి.

బోర్లకు అనుమతి, నమోదు ఉండాలని మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఎలాగూ చెబుతోంది. ఆ నమోదులోనే లోతు, ఎన్ని అడుగుల్లో రాయి తగిలింది, ఎక్కడ జల పడింది, కేసింగ్ పైపు ఎంత దించారు అన్నవి రాయించి, యజమాని పేరు తీసేసి, వార్డులవారీగా అందరికీ అందుబాటులో ఉంచమని నగరపాలక సంస్థకూ భూగర్భ జలశాఖకూ నా విన్నపం. ఎక్సెల్‌లో తెరుచుకునేలా ఉండాలి, స్కాన్ చేసిన కాగితాలు పెడితే లాభం లేదు.

వచ్చే వారం మా మూడో బోరుకు రిగ్గు వస్తోంది. కొబ్బరికాయ చూపించిన చోటే. పది అడుగులకోసారి బయటికొచ్చే మట్టిని చూసి రాసుకోవడానికి నోట్‌బుక్ కొన్నాను. ఆ కాగితం ఎవరికివ్వాలో చెబితే తెచ్చిస్తాను.

— ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం