నిలువుటంగీ పూజకే పరిమితమా?

సంపాదకులకు నమస్కారం.

నేను చిత్తూరులో దర్జీని. కతోలిక ఫాదర్లకు, సీఎస్ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం అయ్యగార్లకు మా నాయన కాలం నుంచి నిలువుటంగీలు కుడుతున్నాం. మెడ నుంచి కాలి దాకా 33 గుండీలు పెట్టడం రోమన్ పద్ధతి, ఏసుప్రభువు భూమ్మీద బతికిన ఏళ్లకు గుర్తుగా. ఆ కాజాలన్నీ నాయన చేత్తోనే తీసేవాడు. ఇప్పుడు జిప్పు చాలంటున్నారు, అది నాకు పెద్ద బాధ కాదు. ఆ అంగీ పూజ అయిపోగానే బీరువాలోకి పోతోంది, బాధంతా అదే.

పోయిన ఎండాకాలం మా మేనత్త తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉండింది. అవస్థ అభ్యంగనం, అంటే జబ్బుపడినవాళ్లకు నూనె రాసి చేసే ప్రార్థన, ఇవ్వడానికి ఫాదర్ రాత్రిపూట గళ్ల చొక్కాతోనే పరిగెత్తుకొచ్చారు. టైమైపోయింది, పొద్దున రమ్మని వాచ్‌మన్ ఆపేశాడు. ఈయన ఫాదరయ్యా అని నేనెంత మొత్తుకున్నా వినలేదు. నర్సమ్మ వచ్చి చెబితే గానీ లోపలికి వదల్లేదు. వాచ్‌మన్‌ను తప్పుపట్టను, ఎవరో వాడికెలా తెలుస్తుంది? అదే తెల్లంగీతో వస్తే పక్క మంచాల వాళ్లు కూడా, ఏ మతమైనా సరే, "మా బిడ్డకూ ప్రార్థన చేయండి సామీ" అని అడుగుతారు. నా కళ్లారా చూశాను.

అది పరదేశపు వేషం, పైగా మన ఎండకు ఉడికిపోతాం అంటారు కొందరు. యూరప్‌లో నల్లంగీ. మన ఎండ చూసే కదా ఇక్కడ తెల్లది వచ్చింది! 1700ల మొదట్లో మన పుంగనూరుకు ఫ్రాన్సు నుంచి వచ్చిన జెస్యూట్ అనే కతోలిక సభ గురువులైతే కాషాయం కట్టి, మాంసం మానేసి సన్యాసుల్లా బతికారు. గుడ్డ ఏదైనా, గురువని జనం చూడగానే పోల్చుకోవాలనే కదా వాళ్ల తాపత్రయం. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రంలో 284వ సూత్రం కూడా గురువులు తమకు తగిన ఉడుపు వేసుకోవాలనే చెబుతుంది. అది ఎలా ఉండాలో బిషప్పుల సమాఖ్య నిబంధనలకు, స్థానిక ఆచారానికి వదిలింది.

స్కూటర్ మీద నిలువుటంగీ కష్టమే, ఒప్పుకుంటాను. గురువుల కాలర్ చొక్కా అయినా వేసుకోండి, ఆ కాలర్‌లో దోపే తెల్ల పట్టీ ఒకటి జేబులో పెట్టుకోండి. ఆసుపత్రికి, జైలుకు, చావింటికి మాత్రం అంగీతోనే వెళ్లాలని మా కడప మేత్రాసనం (బిషప్పు గారి పాలన ప్రాంతం) వారు, సీఎస్ఐ పెద్దలు తమ గురువులకు గట్టిగా చెప్పాలని నా మనవి. ఉక్కపోతే అడ్డమైతే పలచటి నూలు గుడ్డ తెచ్చివ్వండి, కూలి తీసుకోకుండా కుట్టిస్తాను.

— ఒక దర్జీ, చిత్తూరు