పైన పోలీసు లేకపోయినా నిలిచే ఒడంబడికలు

సంపాదక మహాశయులకు,

ఎక్కడ యుద్ధం మొదలైనా పత్రికల్లో ఒక వాదన తప్పక కనిపిస్తుంది. దేశాలపైన పోలీసు లేడు కాబట్టి ప్రపంచం ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ వర్ణించిన ప్రాకృతిక స్థితిలోనే, అంటే పైన ఏ ప్రభుత్వమూ లేని అరాచకంలోనే ఉందని, ఒప్పందాలన్నీ చిత్తుకాగితాలేనని దాని సారాంశం. ఇది హాబ్స్ పేరుమీద చలామణీ అవుతోంది గానీ ఆయన అన్నది ఇది కాదు.

1651లో వచ్చిన ‘లెవయథాన్’ పదమూడో అధ్యాయంలోనే ఆయన ఈ సంగతి ఎత్తారు. రాజులు ఎప్పుడూ ఒకరిమీద ఒకరు ఆయుధాలు గురిపెట్టుకునే ఉంటారని ఒప్పుకుంటూనే, ఆ కాపలా చాటున ప్రజల వృత్తులు సాగుతాయి కనుక విడి మనుషుల అరాచకంలో ఉండే దుర్గతి అక్కడ రాదన్నారు. మనుషుల విషయంలో ఆయన వాదనకు మూలం ఒకరకమైన సమానత్వం. ఎంత బలహీనుడైనా పన్నాగం పన్నో, నలుగురితో చేతులు కలిపో బలవంతుణ్ణి చంపగలడు. అందుకే అందరికీ భయం, అందుకే ఒక సార్వభౌముడికి లొంగడం అందరికీ లాభం. రాజ్యాల మధ్య అలాంటి సమానత్వం లేదు. పెద్ద రాజ్యానికి లొంగాల్సిన అవసరమే కనిపించదు.

ఇవాళ్టి ప్రపంచాన్ని కొలవడానికి మరో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ ఎక్కువ పనికొస్తారు. ప్రాకృతిక స్థితిలో కొరవడేవి మూడని ఆయన లెక్క: అందరికీ తెలిసిన స్థిరమైన చట్టం, పక్షపాతం లేని న్యాయమూర్తి, తీర్పును అమలుచేసే బలం. చట్టం ఉంది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) అధికరణ బలప్రయోగాన్ని నిషేధించింది, 51వ అధికరణ ఆత్మరక్షణకు మినహాయింపు ఇచ్చింది. న్యాయమూర్తి ఉన్నా సగమే. అంతర్జాతీయ న్యాయస్థానం తన పరిధికి ఒప్పుకున్న దేశాలనే విచారించగలదు. భద్రతా మండలి ఐదు శాశ్వత సభ్యదేశాల్లో దాని తప్పనిసరి పరిధిని అంగీకరిస్తున్నది బ్రిటన్ ఒక్కటే. అసలు చిక్కంతా అమలు దగ్గర. తీర్పును ఎదుటిపక్షం పాటించకపోతే గెలిచిన దేశం 94వ అధికరణ కింద భద్రతా మండలికి వెళ్లాలి. 1986లో నికరాగ్వా వెళ్లింది. కేసు ఓడిన అమెరికాయే వీటో చేసింది.

తన వ్యాజ్యంలో తానే తీర్పరి కావడం ప్రాకృతిక స్థితిలోని పెద్ద లోపమన్నారు లాక్. చార్టర్ రాసినవాళ్లకు ఇది తెలియక కాదు. వివాదంలో కక్షిదారైన సభ్యదేశం ఓటుకు దూరంగా ఉండాలని 27(3)లో రాశారు. కానీ ఆ నియమం ప్రధానంగా ఆరో అధ్యాయానికి, అంటే శాంతియుత పరిష్కారాలకు సంబంధించింది. ఆంక్షలు, సైనిక చర్య ఉన్న ఏడో అధ్యాయానికి వర్తించదు. ఉన్నచోటైనా దాన్ని పాటించడం దాదాపు మానేశారు.

అయితే పోలీసు లేనిచోట ఏ ఒడంబడికా నిలవదనడం పొరపాటు. ఓజోన్ పొరను కాపాడే 1987 మాంట్రియల్ ఒప్పందాన్ని చూడండి. చేరని దేశాలతో ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాల వ్యాపారం చేయరాదని దాని నాలుగో అధికరణ. బయట ఉన్న దేశం సభ్యదేశాల నుంచి కొనడానికీ, వాటికి అమ్మడానికీ వీల్లేదు. వర్ధమాన దేశాలకు పదేళ్ల గడువిచ్చారు, 1990లో లండన్‌లో ఖర్చులకు నిధి ఏర్పాటుచేశారు. ఇప్పుడందులో 198 పక్షాలున్నాయి. సార్వభౌముడి భయం చేయాల్సిన పని వ్యాపార నష్టం చేసింది. (ప్రత్యామ్నాయ రసాయనాలు దొరకడమూ కలిసొచ్చింది, బొగ్గు, చమురు విషయం అంత సులువు కాదు.)

భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడానికి కుదిరిన 1997 నాటి క్యోటో ఒప్పందంలో శిక్ష ఉంది, పట్టు లేదు. లక్ష్యం తప్పిన దేశం ఆ లోటుకు 1.3 రెట్లు తర్వాతి విడతలో పూడ్చాలి. తర్వాతి విడతలో చేరాలో వద్దో మాత్రం ఆ దేశం ఇష్టమే! అమెరికా సంతకం చేసి ఆమోదించకుండా వదిలేసింది. కెనడా లెక్క తేలకముందే, 2011లో, తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

వీటోను సంస్కరించాలని చాలామంది రాస్తుంటారు. 108వ అధికరణ ప్రకారం చార్టర్ సవరణకు మూడింట రెండొంతుల సభ్యదేశాలతోపాటు ఆ ఐదు దేశాల ఆమోదమూ కావాలి. అంటే వీటో ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే వీటోకు కళ్లెం. అది జరిగేదాకా ఆగకుండా, కొత్త ఒప్పందం ముసాయిదా వచ్చినప్పుడల్లా మీ విలేకరులు మూడు సంగతులు రాబట్టాలని మనవి. చేరని దేశానికి కలిగే నష్టమేమిటి? పేద దేశాలకు డబ్బు ఎవరిస్తారు? తప్పుకోవాలంటే ఎంతకాలం ఆగాలి? క్యోటోలో నోటీసు ఇచ్చిన ఏడాదికే బయటపడే వీలుంది.

ఇట్లు,
ఒక రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు