ఆ నల్ల అడాప్టర్ వెనక్కి తెచ్చేయండి

దసరా తర్వాత మన పర్లాకిమిడి షాపులో చదువుకునే టేబుల్ లైటు తీసుకున్నవాళ్ళు ఒకసారి దాని అడాప్టర్ చూడండి. నల్లగా, చేతికి తేలిగ్గా, వైరు సన్నగా ఉంటే వెంటనే ప్లగ్గు తీసేసి షాపుకి తెచ్చేయండి. బిల్లు అక్కర్లేదు. నేను చేసిన లైటు నేను గుర్తుపట్టలేనా?

లైటులో ఏ లోపమూ లేదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, "చైనా లైటు అంటగట్టాడు" అని ఒకాయన నలుగురి ముందూ అనేశారు. లోపలి ఎల్‌ఈడీ స్ట్రిప్ రీలు బయటినుంచి వచ్చేదే, కాదనను. అల్యూమినియం ఛానల్ కోసేది, టంకం పెట్టేది, నా బల్ల మీది పెద్ద పవర్ సప్లైకి కలిపి రాత్రంతా వెలిగించి చూసేది మాత్రం నేనే.

జరిగింది ఇది. అడాప్టర్ల పాత లాటు, కొత్తగా వచ్చిన ఈ నల్ల లాటు రెండిటి మీదా స్టిక్కరు ఒకటే: 12 వోల్టులు, 2 ఆంప్స్. మన లైటులో రెండడుగుల స్ట్రిప్ రెండు వరుసలు. మీటరుకి 14.4 వాట్ల రకం కాబట్టి మొత్తం పదిహేడున్నర వాట్లు, అంటే ఒకటిన్నర ఆంపు లోపే. నిజంగా రెండు ఆంప్స్ ఇచ్చే అడాప్టర్‌కి ఇదో లెక్క కాదు. కొత్తదానికి లోడు పెడితే ఒక ఆంపు దాటగానే వోల్టేజ్ 12 నుంచి 9కి జారిపోయింది. మూత విప్పాను. చింతగింజంత ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యూజు ఉండాల్సిన చోట తీగముక్క. 230 వోల్టుల వైపుకీ, మన చెయ్యి తగిలే వైపుకీ మధ్య సందు గోరంత కూడా లేదు. లైటు మినుకుమినుకుమని కొట్టుకోవడం పోనివ్వండి, ఇది పిల్లలు చదువుకునే బల్ల మీద ఉండే వస్తువు!

బరంపురంలో మాకు సరుకు వేసే ఆయనకి ఫోన్ చేశాను. "స్టిక్కరు మీద రాసిందంతా నమ్మితే వ్యాపారం ఎలా చేస్తావు బాబూ?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర ఒక్కసారి ఉద్దెర పెట్టలేదు. విశ్వకర్మ పూజకి పిలిస్తే పనులు మానుకుని వెళ్ళేవాణ్ణి. డబ్బులు తిరిగివ్వమంటే, ఆ విలువకి వేరే సరుకు పట్టుకెళ్ళమంటున్నారు. ఇంక ఆయన కొట్లో గుండుసూది కూడా కొనను.

ఈ గొడవలోనే చాలామంది అడిగారు: అడాప్టరే వద్దు, ఫోన్ ఛార్జర్‌తో వెలిగేలా 5 వోల్టుల లైటు చేయొచ్చుగా అని. నిద్రపట్టకుండా ఆలోచించాను. కరెంటు పోతే పవర్ బ్యాంకు మీద నడుస్తుంది, పరీక్షలకి చదివేవాళ్ళకి అదెంత అవసరమో నాకూ తెలుసు. కానీ అదే వెలుగు 5 వోల్టుల్లో రావాలంటే మూడున్నర ఆంప్స్ కావాలి. మామూలు ఛార్జర్ అంత ఇవ్వదు, ఇచ్చినా సన్న వైరులో వోల్టేజ్ పడిపోయి స్ట్రిప్ చివర మసకేస్తుంది. వెలుగు సగానికి తగ్గించి చేస్తే అమ్ముడుపోతుందేమో. బెడ్‌లైట్లు అమ్మడానికి నేను షాపు పెట్టలేదు. 12 వోల్టులే ఉంటుంది.

ఇకమీదట బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని రిజిస్ట్రేషన్ తెలిపే ఆర్ నంబరు ఉన్న అడాప్టరే ఇస్తాను. కొత్తగా కొనేవాళ్ళకి 180 రూపాయలు పెరుగుతుంది. మీరు నల్లది తెస్తే మాత్రం పైసా తీసుకోకుండా మారుస్తాను. గుణుపురం రైలు మీద వచ్చేవాళ్ళు ముందురోజు ఫోన్ చేస్తే తీసి పక్కన పెడతాను. అందాకా పిన్ను పట్టింది కదా అని 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ గుచ్చకండి, స్ట్రిప్ మాడిపోతుంది. ఛార్జింగులో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకి నేరుగా కలపకండి, అప్పుడది 14 వోల్టులు దాటుతుంది.

పాత ధరకే కావాలనేవాళ్ళకి లైటు ఒక్కటే ఇస్తాను. కాకపోతే మీరు వాడబోయే అడాప్టర్ తెచ్చి, నా మీటరు మీద పెట్టి చూపించాకే.