ముందు బ్యాటరీ సంగతి అడుగు

సికింద్రాబాద్,
ఆదివారం

ఒరేయ్ శ్రీనూ,

గృహప్రవేశం ఫొటోలు చూశాను. పెరట్లో కొబ్బరి చెట్టు కొట్టించకుండా ఇల్లు కట్టావు చూడు, అది నాకు భలే నచ్చింది. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లెమ్మని అడిగానని చెప్పు.

కొందామనుకుంటూ నువ్వు పంపిన బ్యాటరీ డ్రిల్లు సెట్టు ఫొటో కూడా చూశాను. పెట్టె మీద వందకు పైగా వస్తువులని రాశాడని మురిసిపోకు, వాటిలో ఎక్కువ భాగం చిన్న చిన్న బిట్లే, అంటే డ్రిల్లు ముందు తగిలించే మొనలు. ముందు బ్యాటరీ సంగతి చూడు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకు మామూలుగా పట్టదు. బాష్‌లోనే 18 వోల్టుల నీలం రంగు మిషన్ల బ్యాటరీ ఆకుపచ్చ వాటికి ఎక్కదు.

మియాపూర్‌లో ఉన్నప్పుడు ఆఫర్‌లో ఒక డ్రిల్లు కొన్నాను, గుర్తుందా? దాని మోటారు ఇప్పటికీ బాగానే ఉంది. రెండు ఎండాకాలాలు రేకుల కింద ఖాళీ బ్యాటరీతో వదిలేశాను, ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. రాణిగంజ్ అంతా తిరిగినా ఆ మోడల్ బ్యాటరీ దొరకలేదు. ఎంత బాధేసిందో! అందుకే కొనేముందు షాపువాణ్ణి అడుగు, 'విడిగా బ్యాటరీ ఎంత? ఇప్పుడు మీ దగ్గరుందా?' అని. నీళ్లు నమిలితే బయటికొచ్చెయ్.

12 వోల్టులా, 18 వోల్టులా అన్నావు. నీకు 18. 20 అని రాసినవీ అవే. లోపల అయిదు సెల్స్ ఉంటాయి, నిండా ఛార్జ్ అయినప్పుడు కొలిస్తే 20, పనిలో ఉన్నప్పుడు 18. ఆ పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకు. 2 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క అది) బ్యాటరీలు రెండు తీసుకో. ఒకటి వాడుతుంటే ఇంకోటి ఛార్జింగ్‌లో ఉంటుంది, బరువు తక్కువ కాబట్టి చెయ్యీ లాగదు. బ్రష్‌లెస్ మోటారైతే మరీ మంచిది, కార్బన్ బ్రష్‌లు అరిగే గొడవ ఉండదు.

ఇక గోడలు. కర్టెన్ రాడ్ బ్రాకెట్ సరిగ్గా కిటికీ పైన లింటెల్ (అడ్డంగా పోసే కాంక్రీటు దూలం) మీదకే వస్తుంది. ఇటుక గోడలో అయితే హామర్ మోడ్ (తిరుగుతూనే దెబ్బలు వేసేది) ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్లు ఇట్టే దిగుతుంది. లింటెల్ కాంక్రీటులో దాంతోనే నేను అరగంట కుస్తీ పట్టినా అరంగుళం దిగలేదు. మామూలు హామర్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి దిగుతూ చిన్న దెబ్బలు వేస్తాయి. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి జోరుతో గట్టిగా కొడుతుంది. మా ఎలక్ట్రీషియన్ అది తెచ్చి అదే చోట చిటికెలో పని ముగించాడు. ఆ ఒక్క రోజుకి వైరున్న రోటరీ హామర్ అద్దెకి తెచ్చుకో, కొనకు.

స్క్రూలు గట్టిగా బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ కూడా కావాలా అంటే, మంచాలూ అల్మారాలూ బిగించడానికి డ్రిల్లే చాలు. తర్వాత అవసరమైతే అదే బ్యాటరీ పట్టేది చూసి, బ్యాటరీ లేకుండా ఉత్త మిషనే కొనుక్కోవచ్చు, బాగా తక్కువలో వస్తుంది. గ్రైండర్ మాత్రం ఇప్పుడే వద్దురా, పిల్లలు తిరిగే ఇల్లు.

స్విచ్‌బోర్డుకి నిలువుగా పైన ఎక్కడా రంధ్రం పెట్టకు. స్లాబు నుంచి వైర్ల పైపు అటే దిగుతుంది.

వచ్చే నెల రెండో శనివారం వస్తున్నా. 6, 8 మిల్లీమీటర్ల కాంక్రీటు బిట్లు నేనే తెస్తాను. కర్టెన్ల పని అప్పటిదాకా ఆపమని చెల్లెమ్మకి చెప్పు.

నీ
రాంబాబు