ఇళ్ళు తర్వాత, ముందు గట్లు

పాపా,

నాలుగు కుటుంబాలు కలిసి పెనుకొండ వైపు పదెకరాలు చూస్తున్నామని, అక్కడే ఇళ్ళు కట్టుకుని పిల్లల్ని చెట్ల మధ్య పెంచుకుంటామని నిన్న ఫోన్‌లో చెప్పావు కదా. సంతోషంతో రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను.

ఇళ్ళ ప్లాన్లు అప్పుడే గీయించొద్దు. గట్టి వాన పడే రోజు ఆ నేల మీదికి పోయి నిలబడండి. నీళ్ళు ఎర్రగా పారుతుంటే పైమట్టి పోతున్నట్టే. మనవైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. అదీ కొన్నిసార్లు నాలుగు పదునుల్లో పడిపోతుంది. అందుకే ముందు వాలుకు అడ్డంగా గట్లు వేయండి, వాటి మీద కానుగ, సీతాఫలం నాటండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990లో తీసుకున్నది 32 ఎకరాల బీడు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపాడితే గడ్డి తిరిగొచ్చింది, దాని వెనకే చెట్లు వచ్చాయి. కొనేముందు ఒకసారి పోయి చూడండి.

మన చేను సంగతి నీకు తెలుసు. ఏళ్ళ తరబడి చెనక్కాయ ఒక్కటే వేసి నేలను పిండేశాను. తర్వాత యూరియా మొత్తం ఒకేసారి ఆపేసి ఇంకో తప్పు చేశాను, ఆ ఏడు పంట సగమే వచ్చింది. రెండెకరాలతో మొదలుపెట్టాల్సింది. మీరు ఆ తొందర పడొద్దు.

ఇప్పుడు ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లుతున్నాం. అలసంద, ఉలవ, సజ్జ, జొన్న, నువ్వు, ఇంకా ఇంట్లో ఏ విత్తనం ఉంటే అది. మీ అమ్మ వాటిని పేడ, మూత్రం, సున్నం కలిపిన బీజామృతంలో తడిపి, బంకమట్టి, బూడిద పట్టించి నీడన ఆరబెడుతుంది. పొడి దుక్కిలో పడి ఉండి, చిన్న జల్లుకే లేస్తాయి. నేల ఖాళీగా ఎండకు మాడదు. మొన్న మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కంది మొదట్లో ఆకులు పక్కకు తీసి చెయ్యి పెట్టాను. మట్టి చల్లగా, గుల్లగా ఉంది. చేతిలోకి తీసుకుంటే వానపాము ఒకటి మెల్లగా వేళ్ళ సందులోంచి జారిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత చూశాను పాపా.

ఇక కలిసి బతకడం. 200 లీటర్ల డ్రమ్ము నీళ్ళలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి వేస్తే నేలకు పోసే జీవామృతం. రెండు రోజులు పొద్దున, సాయంత్రం కట్టెతో కలపాలి. మీ నలుగురిలో ఆ కట్టె పట్టేదెవరో ముందే మాట్లాడుకోండి. డబ్బు లెక్కలు కాగితం మీద తేలిపోతాయి, పని లెక్క దగ్గరే మనసులు విరుగుతాయి. మా చిన్నప్పుడు ముయ్యి ఉండేది. ఈ రోజు మా చేనికి మీరొస్తే, రేపు మీ చేనికి మేమొస్తాం. కూలి ఉండదు, ఎవరి చేనైతే అన్నం వాళ్ళది. చింతచెట్టు కింద ఆ సంగటి ముద్ద దగ్గర కూర్చున్నప్పుడే గట్టు తగాదాలు కూడా తీరేవి.

భూమి రిజిస్ట్రేషన్‌కు తొందర పడొద్దు. ఏప్రిల్‌లో స్కూళ్ళకు సెలవులిస్తారు కదా, నాలుగు కుటుంబాలూ పది రోజులు మన చేనికి రండి. పాత బట్టలు తెచ్చుకోండి. పిల్లలు చల్లడానికి అలసందలు మీ అమ్మ అప్పుడే వేరే మూట కట్టి పెట్టింది.

మీ నాయన