‘లైట్’ అన్న మాటే మావారిని మానెయ్యనివ్వలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

నాంపల్లి కోర్టుల దగ్గర ఇరవై రెండేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. చదువుకున్నది ఇంటర్ వరకే. కానీ పొద్దున లేస్తే వకాల్తాలు, పిటిషన్లు, తీర్పులే చేతిలో ఆడుతుంటాయి కాబట్టి కాగితం చూడగానే అది ఏ కేసో కొంత తెలిసిపోతుంది. పోయిన నెల ఒక జూనియర్ లాయరమ్మాయి అమెరికా, కెనడా సిగరెట్ కేసుల తీర్పులు తెచ్చి, “ఆంటీ, రెండు సెట్లు తియ్యండి” అంది. పేజీలు సర్దుతుంటే ‘లైట్స్’ అన్న మాట కంటబడింది. మిషన్ ఆపేసి, ఇది దేని గురించమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఓపిగ్గా గంటసేపు కూర్చుని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మావారు అజామాబాద్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. రోజుకు పది సిగరెట్లు కాల్చేవారు. 1997లో ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, వెంటనే మానెయ్యాలని గట్టిగా చెప్పారు. మానేశారు కూడా. వారం రోజులు సోంపు గింజలు నములుతూ, చిన్న చిన్న విషయాలకే విసుక్కుంటూ, ఎలాగో నెట్టుకొచ్చారు. ఎనిమిదో రోజు సాయంత్రం జేబులో తెల్ల పెట్టె కనిపించింది. “కంగారు పడకు, ఇది లైట్సు. దీంట్లో అంత ఉండదు. డాక్టరు చెప్పింది ఆ పాత రకం సంగతి” అన్నారు. పెట్టె మీద నిజంగానే ఆ మాట ఉంది. నేనూ నమ్మాను. ఇంకా చెప్పాలంటే, పోనీలే, తగ్గించుకున్నారని సంతోషించాను. రెండేళ్లు తిరక్కుండానే పది కాస్తా పద్దెనిమిది, ఇరవై అయ్యాయి. లైటే కదా అని ఆయన, లైటే కదా అని నేను. 2016లో రెడ్ హిల్స్ క్యాన్సర్ ఆసుపత్రిలో పోయారు. అక్కడి నర్సమ్మలు మమ్మల్ని ఎంత బాగా చూసుకున్నారో ఇప్పటికీ మరచిపోలేను.

లాయరమ్మాయి చెప్పినదాంట్లో నన్ను కుదిపేసింది కోట్ల లెక్కలు కాదు, ఫిల్టర్‌కి ఉండే చిల్లులు. షాపు కట్టేసే ముందు పాన్ డబ్బాలో అలాంటి సిగరెట్ ఒకటి లూజుగా కొని, కాగితాలు కోసే కట్టర్‌తో ఫిల్టర్ మీది కాగితం ఒలిచి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకున్నాను. సూదిమొనతో పొడిచినట్టు చుట్టూ వరసగా సన్నటి చిల్లులు. మామూలుగా చూస్తే కనపడవు. పొగను కొలిచే మిషన్ సిగరెట్‌ని పీల్చినప్పుడు ఆ చిల్లుల్లోంచి గాలి దూరి పొగ పలచబడుతుంది, పొగలో ఉండే తారు అనే జిగురు పదార్థం తక్కువని లెక్క వస్తుంది. మనిషి కాల్చేటప్పుడు ఆ చిల్లులు వేళ్ల కిందో పెదాల కిందో మూసుకుపోతాయి. పైగా ఒంటికి అలవాటైన నికోటిన్ అందకపోతే దమ్ము ఇంకా గట్టిగా లాగుతాడు. మావారు సరిగ్గా అక్కడే పట్టుకునేవారు. లైట్సు మొదలుపెట్టాక బుగ్గలు లోపలికి పోయేంతగా లాగడం నా కళ్లారా చూశాను. ఎందుకలా అని అప్పుడు తట్టలేదు.

అమెరికాలో ఈ మోసం మీద నష్టపోయిన అందరి తరఫున కొందరు కలిసి కోర్టుకెక్కారు. ఇలినాయ్ రాష్ట్రంలో 2003లో ఒక జడ్జి, సిగరెట్ కంపెనీ 1,010 కోట్ల డాలర్లు కట్టాలన్నారు. ప్రభుత్వ సంస్థే ఆ మాటలు వాడుకోనిచ్చిందన్న కారణంతో 2005లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. మెయిన్ అనే మరో రాష్ట్రంలోని జనం వేసిన కేసులో, పెట్టె మీద హెచ్చరికల సంగతి కేంద్ర చట్టం చూసుకుంటుంది, ఈ దావా చెల్లదని కంపెనీ వాదించింది. మోసం చేశారన్న దావాకు ఆ చట్టం అడ్డు రాదని 2008లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండి తేల్చింది. రేపు ఇక్కడ ఎవరైనా అడిగితే, 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక వేస్తున్నాం కదా అనే జవాబు వస్తుందని నాకు తెలుసు. పాన్ డబ్బాలో ఒక్కో సిగరెట్ కొనుక్కునేవాడికి ఆ పెట్టె ఎక్కడ కనిపిస్తుంది?

కెనడాలోని క్యూబెక్‌లో సిగరెట్ కంపెనీల మీద 1998లో వేసిన కేసుల్లో 2015లో తీర్పు వచ్చింది. 1,500 కోట్ల కెనడా డాలర్లకు పైగా కట్టాలన్నారు, 2019లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పును చాలావరకు సమర్థించింది. ఒక కేసుకు ముందు నిలబడ్డ జాన్ ఈవ్ బ్లే అనే ఆయన మాత్రం తీర్పుకు మూడేళ్ల ముందే, 2012లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ పేజీ కాపీ తీస్తుంటే నా చేతులు వణికాయి.

మనకు దారి లేదా అంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం, ఒకే రకంగా నష్టపోయిన వాళ్లందరి తరఫున ఒకరో ఇద్దరో వినియోగదారుల కమిషన్ అనుమతి తీసుకుని ఫిర్యాదు చేయొచ్చు. కానీ నా షాపుకు వచ్చే వినియోగదారుల కేసుల కట్టల్లో మొదట ఉండే కాగితం బిల్లు. ఫ్రిజ్ అయినా ఫ్లాట్ అయినా బిల్లో రసీదో ఉండాల్సిందే. డబ్బాలో కొన్న సిగరెట్‌కి బిల్లు ఎవరిస్తారు? పైగా రెండేళ్లలోపు వెయ్యాలనే గడువుంది, అందుకని నా కేసు ఎప్పుడో దాటిపోయింది. అదే సెక్షన్ కింద గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘాలు వెయ్యొచ్చు, రాష్ట్ర ప్రభుత్వమే వెయ్యొచ్చు. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యానికి డబ్బు పెడుతున్నది ప్రభుత్వమే కాబట్టి అడిగే హక్కు వాళ్లకు అందరికంటే ఎక్కువ. అమెరికాలో రాష్ట్రాలు వైద్య ఖర్చుల కోసం కంపెనీల మీద కేసులు వేసి, వాటిని 1998 ఒప్పందం దాకా లాక్కొచ్చాయి. 46 రాష్ట్రాలకు పాతికేళ్లలో 20,600 కోట్ల డాలర్లు ఇచ్చే ఒప్పందం అది.

డబ్బు నాకు అక్కర్లేదు. నాకు కావాల్సింది వేరే ఉంది. 2006లో వాషింగ్టన్‌లో గ్లాడిస్ కెస్లర్ అనే జడ్జి, కంపెనీలు తమ ఖర్చుతోనే నిజం ఒప్పుకుంటూ ప్రకటనలు వేయాలని ఆదేశించారు. అప్పీళ్లతో పదకొండేళ్లు సాగదీసి, చివరికి 2017 నవంబరులో పత్రికల్లో వేశారు. అందులో ఒక మాట ఉంది. లైట్ సిగరెట్ల వల్ల హాని తక్కువనుకుని చాలామంది మానెయ్యకుండా వాటికి మారుతున్నారు, ఆ హాని తక్కువ కాదు అని. ఎక్కడో వాషింగ్టన్‌లో రాసిన మాట అది. మా ఇంట్లో 1997లో జరిగింది అచ్చంగా అదే.

అలాంటి ప్రకటన మీ పత్రికలో, తెలుగులో, కంపెనీల డబ్బుతో, అందరికీ కనపడేంత పెద్దక్షరాలతో రావాలి. ‘లైట్’, ‘మైల్డ్’ లాంటి మాటలు పెట్టెల మీద ఉండకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందానికి మన దేశం 2004లోనే ఆమోదం తెలిపింది. అయినా మా షాపు పక్క డబ్బాలో కుర్రాళ్లు “అన్నా, ఒక మైల్డ్” అని అడగడం నిన్న కూడా విన్నాను. వాళ్లలో ఒకడికి ఆ చిల్లుల కాగితం చూపిస్తే, “నిజమా ఆంటీ” అని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

మావారికి పెట్టె విప్పి లోపలి తెల్ల అట్ట మీద పని కొలతలు రాసుకునే అలవాటు. ఆయన చేతిరాత అని అలాంటివి పదకొండు అట్టలు బీరువాలో దాచుకున్నాను. మొన్న వాటిని తిప్పి చూస్తే వెనక ‘లైట్స్’ అన్న మాట చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజుల బిల్లులు ఎవరిదగ్గరా ఉండవు కానీ, ఇలాంటి పాత పెట్టెలు, అట్టలు కొందరిళ్లల్లో మిగిలే ఉంటాయి. దయచేసి పారేయకండి. ఏ సంఘమైనా, ఏ వకీలైనా ఈ కేసు ఎత్తుకుంటే నా పదకొండు అట్టలూ ఇస్తాను. ఆ కేసుకు ఎన్ని వేల పేజీలైనా సరే, కాపీలన్నీ నా షాపులో పైసా తీసుకోకుండా తీసిపెడతాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు నిర్వాహకురాలు,
రాంనగర్, హైదరాబాద్.