కాచిగూడ అంటే గుమ్మటాలేనా?

సంపాదకుడికి,

సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశాక, కాచిగూడ స్టేషన్‌నైనా చెక్కుచెదరకుండా ఉంచాలని కోరుకునేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ కాచిగూడ చరిత్ర అనగానే అందరం గుమ్మటాలు, మినార్ల దగ్గరే ఆగిపోతున్నాం. దాని కథలో సగం పట్టాల మీద నడిచింది. రోజూ ఆ పట్టాల మీద ఉద్యోగాలకూ కాలేజీలకూ వెళ్లే లోకల్ ప్రయాణికుల సంగతి ఈ చర్చలో ఎక్కడా వినపడడం లేదు.

మన నగరానికి రైలు వచ్చింది నగర ప్రజలను అటూఇటూ తిప్పడానికి కాదు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా వేసిన లైను నిజాం రాజ్యాన్ని బొంబాయి-మద్రాసు మార్గంతో కలపడానికి. 1889కల్లా ఇంకో కొస బెజవాడ చేరింది. ఆ తర్వాత గోదావరి లోయ గుండా మన్మాడ్ వైపు మీటర్ గేజ్ (మామూలు బ్రాడ్ గేజ్ కంటే సన్న పట్టాల) లైను వేశారు. దక్షిణాన గద్వాల దాకా మరో మీటర్ గేజ్ లైను వేసిన కాలంలోనే, 1916లో, కాచిగూడ స్టేషన్ లేచింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి అప్పటికి అయిదేళ్లు. 1908 మూసీ వరద మిగిల్చిన గాయాల నుంచి నగరం తేరుకుంటూ, ఒక్కొక్క పెద్ద కట్టడాన్నీ నిలబెట్టుకుంటున్న రోజులవి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలకు రూపమిచ్చిన విన్సెంట్ ఎష్ చేతి పనే కాచిగూడ కూడా. నిజాం రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా రైలెక్కడానికి విడిగా ఏర్పాట్లు చేశారట. ప్రయాణికుల అలవాట్లను అంతగా పట్టించుకుని కట్టిన స్టేషన్ అది. ఇప్పుడు మనం నేర్చుకోవలసింది ఆ శ్రద్ధేనని నాకనిపిస్తుంది.

అయితే ఆ శ్రద్ధ కూడా దూరప్రయాణికుల కోసమే. మలక్‌పేట నుంచి సికింద్రాబాద్‌కు పనికి పోయే మనిషి సంగతి నిజాం రైల్వే పట్టాల మీద ఆలోచించలేదు, రోడ్డు మీద ఆలోచించింది. 1932లో అదే రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1931లో, మద్రాసులో బీచ్-తాంబరం మధ్య కరెంటు లోకల్ రైళ్లు తిరగడం మొదలైంది. మద్రాసు లోకల్ రైలును ఎంచుకుంటే మనం బస్సును ఎంచుకున్నాం. ఆనాటికి అది తప్పేమీ కాదు, నగరం చిన్నది. కానీ ఆ నిర్ణయం ప్రభావం ఈనాటికీ మన మీద ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక నిజాం రైల్వే భారత రైల్వేలో కలిసింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1990ల నుంచి మీటర్ గేజ్ పట్టాలు పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా నగరంలో తిరిగేవాడికి మాత్రం తనదంటూ ఒక రైలు లేదు.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ అనే నగర లోకల్ రైలు మొదలయ్యాక గానీ ఆ లోటు తీరలేదు. ఫలక్‌నుమా, హుప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట దాటి, మూసీ మీదుగా కాచిగూడ చేరి, అక్కణ్ణుంచి విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి మీదుగా సికింద్రాబాద్‌కూ, ఆపైన లింగంపల్లికీ పోయే ఆ రైలు పాతబస్తీని ఐటీ ఉద్యోగాలున్న పడమటి కొసతో కలిపింది. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు, డిగ్రీ పిల్లలు, హోటళ్లలో, ఆసుపత్రుల్లో షిఫ్టులు చేసేవాళ్లు దాన్నే నమ్ముకున్నారు. 5 రూపాయలతో మొదలయ్యే టికెట్ నగరంలో ఇంకే బండికి ఉంది? గద్వాల లైను వేసినవాళ్లు ఊహించని పని అది. నన్నడిగితే కాచిగూడ చేసిన పనుల్లో గొప్పది కూడా అదే.

చిక్కల్లా ఒకటే. మెట్రోకు సొంత దారి ఉంది. ఎంఎంటీఎస్‌కు లేదు. దూరప్రాంత రైళ్లు, గూడ్సు బండ్లు నడిచే పట్టాల మీదే సందు దొరికినప్పుడు అది నడవాలి. 2023లో రెండు కొత్త సేవలు ఒకే దారికి వచ్చాయి. ఏప్రిల్ 8న ఎంఎంటీఎస్ ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వెళ్లింది. సెప్టెంబర్ 24న కాచిగూడ నుంచి బెంగళూరులోని యశ్వంత్‌పూర్‌కు వందే భారత్ బయల్దేరింది. రెండూ కావలసినవే. కానీ లైను ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న వస్తే ఆగేది లోకలే. ఒక ఎక్స్‌ప్రెస్ కోసం స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర నిలబడిన లోకల్ వల్ల ఎంతమందికి ఆఫీసులో సగం రోజు జీతం కోత పడుతుందో ఏ లెక్కలోనూ కనపడదు. అలా కొన్నిసార్లు జరిగితే జనం అప్పు చేసైనా బండి కొనుక్కుంటారు. అప్పుడు రైళ్లు ఖాళీగా పోతున్నాయని చెప్పి సర్వీసులు తగ్గించడం తేలిక. మద్రాసులోనూ ముంబయిలోనూ లోకల్ రైళ్ల కోసమే వేసిన లైన్లున్నాయి. మనకు అవి ఇవాళ లేవు కాబట్టి ఉన్న పట్టాల మీద సమయాన్ని పంచడంలోనైనా న్యాయం ఉండాలి.

అందుకు ఇప్పుడొక అవకాశం వచ్చింది. 2025 జనవరి 6న చర్లపల్లి రైల్వే టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల మీద భారం తగ్గించడానికే దాన్ని కట్టారు. దూరప్రాంత రైళ్లు అటు మళ్లినకొద్దీ నగరం మధ్యలో పట్టాల మీద కొంత సమయం ఖాళీ అవుతుంది. దాన్ని మళ్లీ మరో ఎక్స్‌ప్రెస్‌కు ఇచ్చేస్తే చర్లపల్లి కట్టి లోకల్ ప్రయాణికుడికి ఒరిగిందేమీ ఉండదు. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఆ సమయం మొదట ఎంఎంటీఎస్‌కే దక్కాలి. చర్లపల్లిలో దిగినవాళ్లు సామాన్లతో, పిల్లలతో నగరంలోకి రావడానికి కూడా లోకల్ రైలే దిక్కు. అందువల్ల ఈ కోరిక ఎవరికీ నష్టం చేసేది కాదు.

ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. అంటే ఇందులో మన పన్నుల డబ్బే ఎక్కువ. టైంటేబుల్ నిర్ణయించేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా గట్టిగా అడగాలి, అడగడానికి దానికి హక్కుంది. మలక్‌పేట, ఖైరతాబాద్, బేగంపేట వంటి చోట్ల మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. రెండింటికీ ఒకే పాస్ ఇవ్వడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో అధికారులే చెప్పాలి.

ఇక కట్టడం మాట. కాచిగూడను బాగుచేస్తే చేయండి, లిఫ్టులు పెట్టండి, ఫుట్‌ఓవర్ బ్రిడ్జిలు వెడల్పు చేయండి. 1916 నాటి భవనం జోలికి మాత్రం వెళ్లవద్దు. ఎంఎంటీఎస్ ఆగే ప్లాట్‌ఫారం మీద ఈ లైన్ల చరిత్రను తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో బోర్డుల మీద రాయించండి. ప్రధాన ద్వారం దగ్గర పెడితే లోకల్‌కు వచ్చేవాళ్లు చూడరు. వాడి లైను, గద్వాల లైనుతో పాటు 2003 కూడా అందులో ఉండాలి.

చర్లపల్లికి ఏయే రైళ్లు మళ్లాయి, ఖాళీ అయిన సమయంలో ఎన్ని ఎంఎంటీఎస్‌లు పెంచారు అన్న వివరాలను రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి, వచ్చే టైంటేబుల్ కంటే ముందే ప్రజలకు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎంఎంటీఎస్ ప్రయాణికుడు,
మలక్‌పేట, హైదరాబాద్